మోటారు మార్చెయ్యమనే సలహా

మా 1966 ముస్తాంగ్ కన్వర్టిబుల్ కారు టాప్, అంటే మడిచి దించే గుడ్డ కప్పు, ఒక జూన్ సాయంత్రం సగం లేచి ఆగిపోయింది. వాన మబ్బు కమ్ముకొస్తోంది. స్విచ్ నొక్కితే వెనక సీటు వెనకాల పంపు మూలుగుతోంది గానీ ఫ్రేము కదలదు. మా ఆవిడా నేనూ చెరో పక్కా పట్టుకుని బలమంతా పెట్టి ముందుకు లాగాం. ఎడమవైపు ఎక్కడో టక్కుమంది. టాప్ మూసుకుంది. హమ్మయ్య అనుకున్నాం. ఆ టక్కుమన్నదేమిటో తెలియడానికి రెండు నెలలు పట్టింది.

ఆ రెండు నెలల్లో నాకు సలహాలకు కొదవ లేదు. మేముండేది మిషిగన్‌లో, నోవై ఊళ్ళో. డెట్రాయిట్ చుట్టుపక్కల ప్రతి రెండో ఇంట్లో కార్ల పనిలో చేసినవాళ్ళే ఉంటారు. మన తెలుగువాళ్ళలోనూ కార్ల కంపెనీల్లో ఇంజనీర్లుగా పనిచేసేవాళ్ళు చాలామంది. అందరూ మంచి మనసుతోనే చెప్పారు. చెప్పినవాటిలో ఎక్కువభాగం నేను చేశాను, ఎక్కువభాగం తప్పు. పాత కన్వర్టిబుల్ కొనుక్కుని ఇంట్లోనే బాగు చేసుకుందామనుకునే మిత్రులు నాకు ముగ్గురున్నారు. వాళ్ళకూ ఇవే సలహాలు అందుతున్నాయి. అందుకే ఒక్కో సలహా పెట్టి, అది ఎందుకు పనికిరాదో, దాని బదులు ఏం చెయ్యాలో రాస్తున్నాను.

ముందు ఈ యంత్రం పని చేసే తీరు చెప్పాలి. వెనక సీటు వెనకాల ఒక కరెంటు మోటారు, దానికి అతికి ఒక చిన్న ఆయిల్ పంపు. ఇటో సిలిండరు, అటో సిలిండరు. ఒక్కో సిలిండరుకు కింద ఒక గొట్టం, పైన ఒక గొట్టం. మోటారు ఒక దిక్కు తిరిగితే ఆయిల్ సిలిండర్ల కిందికి పోయి రాడ్లు బయటికొస్తాయి, టాప్ లేస్తుంది. ఎదురు దిక్కు తిరిగితే ఆయిల్ పైనుంచి పోయి రాడ్లు లోపలికి పోతాయి, టాప్ ముడుచుకుంటుంది. ముందు అద్దం దగ్గరి రెండు కొక్కేలు మాత్రం చేత్తోనే పెట్టాలి, చేత్తోనే తియ్యాలి. ఇంతే. కంప్యూటరు లేదు, సెన్సారు లేదు.

ఈ కరెంటు ఏర్పాటు అందరికీ ఇచ్చింది కూడా కాదు. 1965 ముస్తాంగ్ ధరల పట్టీలో అది అదనంగా 54 డాలర్ల 10 సెంట్లు. ఆ డబ్బు కట్టనివాళ్ళు చేత్తో ఎత్తుకునేవాళ్ళు. 1966 మోడల్లో 72,119 కన్వర్టిబుల్స్ తయారైతే అందులోనూ చేతి టాప్‌లు ఉన్నాయి. అసలు ఈ కరెంటు ఆయిల్ పంపులు రాకముందు, 1939లో ప్లిమత్ వాళ్ళు ఇంజను పీల్చే గాలి బలంతో టాప్ ఎత్తే ఏర్పాటు తెచ్చారు. అంతకుముందు దాదాపు అంతా చేతులే. ఈ మాట గుర్తుంటే కింద చెప్పేదంతా సులువుగా తెలుస్తుంది: టాప్ అనేది మనిషి చేతికి లేవాల్సిన వస్తువు. మోటారు ఆ చేతుల బదులు పని చేస్తుంది, అంతే.

"మోటారు పోయినట్టుంది, కొత్తది వేసెయ్"

అందరూ చెప్పే మొదటి సలహా ఇదే. చప్పుడు పంపులోంచి వస్తుంది కాబట్టి జబ్బు పంపులోనే ఉందనుకుంటాం. నేనూ అలాగే అనుకుని పంపూ మోటారూ కలిసిన కొత్త సెట్టు తెప్పించాను. ఒక శనివారమంతా వెనక సీటు విప్పి, గొట్టాలు మార్చి, ఆయిల్ పోసి, అన్నీ బిగించి స్విచ్ నొక్కాను. కొత్త పంపు కొత్త గొంతుతో మూలిగింది. టాప్ మళ్ళీ సగంలోనే ఆగింది.

ఆ వేసవిలో మా నాన్నగారు మా దగ్గరే ఉన్నారు. కనిగిరి దగ్గర మాకు కాస్త మెట్ట పొలం ఉంది. బోరు మోటార్లతో ఆయన నలభై ఏళ్ళు వేగారు. లో ఓల్టేజీకి వైండింగు కాలిపోయిన మోటారును ట్రాక్టరు మీద వేసుకుని రివైండింగు షాపుకు తీసుకెళ్ళడం చిన్నప్పుడు నేను చూసినదే. ఆయన గరాజులోకి వచ్చి కాసేపు విన్నారు.

"మోటారు మార్చావు సరే, దాని దగ్గరికి ఓల్టేజీ ఎంతొస్తోందో చూశావంట్రా?"

"బ్యాటరీ కొత్తదే నాన్నా. 12.6 చూపిస్తోంది."

"బ్యాటరీ దగ్గర కాదురా, మోటారు దగ్గర. అదీ బరువు మోస్తున్నప్పుడు. ఖాళీగా ఉన్న తీగలో ఓల్టేజీ ఎప్పుడూ నిండుగానే కనిపిస్తుంది."

పొలంలోది ఏసీ మోటారు, బండిలోది డీసీ. చెడే తీరు వేరు గానీ అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. చూశాం. స్విచ్ నొక్కి ఉన్నప్పుడు బ్యాటరీ దగ్గర 12.1, మోటారు దగ్గర 9.4. దారిలో 2.7 ఓల్టులు పోతున్నాయి. అందులో 2.1 ఒక్క ఎర్త్ దగ్గరే. మోటారు ఎర్త్ తీగ బండి బాడీకి పట్టిన చోట బోల్టు కింద తుప్పు పొలుసులు కట్టి ఉంది. లెక్క వేస్తే ఇది వింతేమీ కాదు. మోటారు 30 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. ఆ అతుకులో ఓమ్‌లో వందో వంతులు ఏడు, అంటే 0.07 ఓమ్ నిరోధం ఉన్నా చాలు, 2.1 ఓల్టులు అక్కడే మింగేస్తుంది. 63 వాట్లు వేడిగా పోతుంది. స్విచ్ వదిలి ఆ బోల్టు మీద వేలు పెడితే చురుక్కుమంది.

కాబట్టి డబ్బు పెట్టే ముందు ఈ పని చెయ్యండి. మల్టీమీటరు ఒకటి, పదిహేనడుగుల తీగ ఒకటి తీసుకోండి. బ్యాటరీ ముందు ఉంటుంది, పంపు వెనక ఉంటుంది, మీటరు తీగలు అందవు, అందుకే ఆ పొడుగు తీగ. దాన్ని బ్యాటరీ నెగటివ్‌కు తగిలించి వెనక్కి తెచ్చుకుని మీటరు ఒక కొసకు కలపండి. రెండో కొస మోటారు ఒంటికి ఆనించండి. ఇంకొకరిని స్విచ్ నొక్కమనండి. అర ఓల్టు కన్నా ఎక్కువ చూపిస్తే ఎర్త్ బాగోలేదు. అలాగే పాజిటివ్ వైపు బ్రేకరు, స్విచ్, రిలే, ఒక్కో అతుకుకూ ఇటూ అటూ కొసలు పెట్టి చూసుకుంటూ రండి. ఎక్కడ ఓల్టులు పడిపోతున్నాయో అక్కడే పని. తీగ బ్రష్షుతో ఇనుము మెరిసేదాకా గీకి, గట్టిగా బిగించి, పైన కాస్త గ్రీజు రాయండి. మాకైన ఖర్చు ఒక వాషరు.

ఇంజను ఆన్‌లో ఉంచి పరీక్షించాలనుకుంటే బండి బయట పెట్టండి. గరాజు తలుపు మూసి ఇంజను నడపడం ప్రాణం మీదికి వస్తుంది.

"ఇద్దరు పట్టి గట్టిగా తోస్తే అదే వస్తుంది"

వస్తుంది. దాంతో పాటు ఇంకేదో కూడా వస్తుంది. సిలిండర్లలో ఆయిల్ ఉంది, పంపు ఆగి ఉంది, ఆ ఆయిల్‌కు పోవడానికి సులువైన దారి లేదు. అప్పుడు మీరు తోస్తున్నది టాప్‌ను కాదు, ఆయిల్‌ను. ఆ సాయంత్రం టక్కుమన్నది ఎడమ సిలిండరు రాడ్డు. కంటికి కనిపించీ కనిపించనంత వంగింది. వంగిన రాడ్డు ప్రతిసారీ సీలును ఒక పక్క ఒరుసుకుంటూ పోతుంది. ఆరు వారాలకు పక్క ప్యానెల్ అడుగున ఎర్రని ఆయిల్ చెమ్మ కనిపించింది. ఎర్త్ బోల్టూ, బిగుసుకున్న ఒక కీలూ బాగుచేస్తే సరిపోయే బండికి నా చేతులతోనే సిలిండరు జబ్బు కూడా తెచ్చిపెట్టాను.

చేత్తో ఎత్తడమే తప్పని నేననడం లేదు. సిలిండర్లను ఫ్రేము నుంచి విడదీయకుండా ఎత్తడం తప్పు. తరవాతి కాలపు యూరప్ బండ్లలో చాలావాటికి పంపు మీద ఒక బైపాస్ స్క్రూ ఉంటుంది. దాన్ని తిప్పితే ఆయిల్‌కు దారి తెరుచుకుని టాప్ చేతికి వస్తుంది. మీ బండికి అది ఉంటే ఎక్కడుందో ఈ రోజే చూసి పెట్టుకోండి, వానలో వెతకొద్దు. మా బండికి అలాంటిది లేదు. బ్యాటరీ నెగటివ్ తీగ తీసేసి, పక్క ప్యానెళ్ళు విప్పి, రాడ్డు పై కొసను ఫ్రేముకు పట్టే బోల్టు రెండు పక్కలా తీసెయ్యాలి. ఇక సిలిండర్లకు టాప్‌తో సంబంధం లేదు. ఇప్పుడు ఇద్దరూ చెరో పక్కా నిలబడి నెమ్మదిగా ఎత్తండి, దించండి, మళ్ళీ ఎత్తండి.

అసలు రోగ నిర్ధారణ ఇది, నా మాట నమ్మండి. ఒక్క బోల్టు కొనకముందు చెయ్యాల్సిన పరీక్ష ఇది. ఎక్కడ పట్టేస్తోందో, ఏ పక్క వెనకబడుతోందో, ఏ కీలు కిర్రుమంటోందో చేతికి తెలిసిపోతుంది. మా బండిలో ఎడమవైపు పెద్ద కీలు పొడిబారి బిగుసుకుపోయింది. పంపుకు ఆ సంగతి తెలియదు, నెడుతూనే ఉంటుంది. కీలు దగ్గర రెండు మూడు చుక్కలు పల్చటి నూనె వేసి, ఆడించి, మళ్ళీ వేసి, పొంగినదంతా గుడ్డతో తుడిచేశాను. మందపాటి గ్రీజు దట్టించమని ఒకరన్నారు. వద్దు. టాప్ ముడిచినప్పుడు ఆ గ్రీజంతా గుడ్డకు అంటుకుంటుంది, దానికి దుమ్ము పట్టి రుబ్బురోలవుతుంది.

ఈ పని చేసేటప్పుడు ఫ్రేము కింద ఒక కర్ర ఊతం పెట్టాలి. సిలిండరు విడదీసిన ఫ్రేమును పట్టి ఉంచేది ఏదీ లేదు, అది దానంతటది మూసుకుంటుంది, కీళ్ళ మధ్య వేళ్ళుంటే కత్తెరలో పడ్డట్టే. పిల్లల్ని గరాజులోకి రానివ్వకండి.

చేత్తో ఎత్తినప్పుడు ఫ్రేము తేలిగ్గా లేచి, ముందు అద్దం దగ్గర మాత్రం ఒక పక్క కలవకపోతే, టాప్‌ను వదిలి తలుపులు చూడండి. తలుపు వెనక అంచు దగ్గర సందు పైన ఇరుకై, కింద వెడల్పుగా ఉందంటే బండి నడుం వంగిందన్నమాట. కన్వర్టిబుల్‌కు పైకప్పు బలం లేదు, బలమంతా తలుపుల కింది పెట్టెల్లాంటి దూలాల్లోనే. మిషిగన్‌లో శీతాకాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పు తినేది ఆ దూలాలనే. అలాంటి బండికి వెల్డింగు చేసేవాడు కావాలి. టాప్ పనివాడికి డబ్బిచ్చి ప్రయోజనం లేదు.

"ఆయిలేగా, ఏదైనా ఒకటే"

అన్నిటికన్నా ఖరీదైన సలహా ఇది. ఒక మిత్రుడు దీన్ని నమ్మి పంపు, రెండు సిలిండర్లు, గొట్టాలు అన్నీ మార్చుకోవలసి వచ్చింది.

1940లు, 50లలోని చాలా అమెరికా బండ్లలో టాప్‌కు వాడింది బ్రేక్ ఫ్లూయిడ్. మా 1966 ముస్తాంగ్‌లాంటి వాటికి వాడేది ఆటోమేటిక్ గేరుబాక్సులో పోసే ఎర్ర ఆయిల్. చూడ్డానికి రెండూ ద్రవాలే, పుట్టుక వేరు. ఎర్రది పెట్రోలియం నుంచి వచ్చిన నూనె. మామూలు బ్రేక్ ఫ్లూయిడ్ నూనె జాతే కాదు, గ్లైకాల్ జాతి. ఒకదానికి తగ్గట్టు చేసిన రబ్బరు సీళ్ళు రెండోదానికి తట్టుకోవు. బ్రేక్ ఫ్లూయిడ్‌కు చేసిన సీళ్ళలోకి నూనె వెళ్తే అవి ఉబ్బి మెత్తబడి సిలిండరులో ఇరుక్కుంటాయి. నూనె సీళ్ళకు బ్రేక్ ఫ్లూయిడ్ తగిలినా పాడే. ఇది ఆ రోజే తెలియదు. పోసిన రోజు టాప్ చక్కగా లేస్తుంది, సలహా ఇచ్చినవాడు గెలిచినట్టే ఉంటుంది. కొన్ని వారాల తరవాత నెమ్మదిస్తుంది, కారుతుంది, ఆగిపోతుంది. అప్పటికి ఏం పోశామో కూడా గుర్తుండదు. కడిగేస్తే పోదు, ఆ ద్రవం తగిలిన రబ్బరంతా మార్చాల్సిందే.

బ్రేక్ ఫ్లూయిడ్‌కు ఇంకో రెండు గుణాలున్నాయి. గాలిలోని తేమను పీల్చుకుంటుంది, దాంతో లోపల తుప్పు పుడుతుంది. పెయింటు మీద పడితే పెయింటు లేచిపోతుంది. మీది ఆ పాత కాలపు బండే అయితే గొట్టం విప్పే ముందు చుట్టూ తడిగుడ్డలు పరుచుకోండి.

లోపల ఏముందో తెలియకపోతే ముందు వెలికితీసి చూడండి. పంపు ట్యాంకు బిరడా తీసి ఒక చుక్క తెల్ల కాగితం మీద వెయ్యండి. ఎరుపు అంటే చాలావరకు ఆటోమేటిక్ గేరుబాక్సు ఆయిలే. పచ్చగానో గోధుమగానో ఉంటే తొందరపడి ఏదీ పొయ్యకండి. మీ బండి సంవత్సరపు షాపు మాన్యువల్ సంపాదించి అందులో ఏం రాశారో చూడండి. పాత యజమాని ఏం పోశాడో కూడా కనుక్కోండి.

ఇక ఆయిల్ మట్టం. రాడ్లు బయటికొచ్చినప్పుడు సిలిండర్లలో ఎక్కువ ఆయిల్ పడుతుంది, కాబట్టి టాప్ లేచి ఉన్నప్పుడు ట్యాంకులో మట్టం తగ్గుతుంది, ముడిచినప్పుడు పెరుగుతుంది. ఒక స్థితిలో చూసి తక్కువుందని నిండా పోస్తే రెండో స్థితిలో పొంగి కార్పెట్టు మీదికి వస్తుంది. మాన్యువల్ ఏ స్థితిలో చూడమందో ఆ స్థితిలోనే చూడండి. గొట్టాలు విప్పి బిగించాక లోపల గాలి ఉంటుంది, టాప్ జెర్కులు జెర్కులుగా కదులుతుంది. కంగారు పడనక్కర్లేదు. మెల్లగా ఐదారుసార్లు ఎత్తి దించుతూ, మధ్యమధ్య ఆగి మట్టం చూసి పోసుకుంటూ వస్తే గాలి పోతుంది.

ఆయిల్ ఎక్కడ కారుతోందో వేలితో తడిమి చూడమని చెప్పేవాళ్ళుంటారు. పంపు తిరుగుతుండగా ఆ పని అస్సలు చెయ్యకండి. సూది మొనంత రంధ్రంలోంచి ఒత్తిడి మీద వచ్చే ఆయిల్ చర్మంలోకి దూసుకుపోగలదు. పైకి చిన్న చుక్కలా కనిపిస్తుంది, లోపల కండ పాడవుతుంది, వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాల్సిన గాయమది. అట్టముక్క అడ్డం పెట్టి చూడండి, మరక పడిన చోట కారుతోందన్నమాట.

"కారేది ఒక్కటేగా, అదొక్కటే మార్చు"

మార్చాను. ఎడమది కొత్తది, కుడిది పాతది. ఒకే పంపు రెంటికీ ఆయిల్ ఇస్తోంది, ఆయిల్ ఎటు తేలికో అటే ముందు పోతుంది. రెండూ సమంగా కదలక ఫ్రేము పక్కకు మెలితిరుగుతూ లేవసాగింది. పదిరోజులు చూసి కుడిది కూడా తెప్పించాను. సిలిండర్లు జతగా మార్చాలి, అంతే.

"బ్రేకరు ఊరికే పడిపోతోంది, దాన్ని తప్పించి తీగ కలిపెయ్"

ఇలా చెప్పినవాళ్ళతో టాప్ విషయం ఇంకెప్పుడూ మాట్లాడకండి. బ్రేకరు పడిపోవడమంటే చాలాసార్లు మోటారు తిరగలేక కరెంటు ఎక్కువ లాగుతోందని అర్థం. దాన్ని తప్పిస్తే ఆ వేడి తీగల్లోకి పోతుంది. తీగలు కార్పెట్టు కింద, సీటు వెనక, గుడ్డల మధ్య ఉన్నాయి. ఇలాంటిదే ఇంకొకటి: టాప్ పూర్తిగా లేచాక కూడా "గట్టిగా కూర్చుంటుంది" అని స్విచ్ నొక్కి పట్టుకోవడం. కదలిక ఆగిన క్షణమే వేలు తియ్యాలి.

"ప్లాస్టిక్ విరిగితే ఇనుముది పెట్టు"

ఇది మా బండి సంగతి కాదు, ఒక మిత్రుడి పోర్షే బాక్స్‌టర్‌ది. మొదటి తరం, 1999ది. అందులో టాప్‌ను కదిపేది ఆయిల్ కాదు. నడిమి మోటారు నుంచి రెండు పక్కలకూ స్పీడోమీటరు కేబుల్‌లాంటి తిరిగే కేబుళ్ళు పోతాయి. వాటి చివర చిన్న గేరుబాక్సులు, అక్కణ్ణుంచి కడ్డీలు. కడ్డీల కొసన గుండుకు తొడిగిన ప్లాస్టిక్ కప్పులు విరుగుతాయి. ఒక పక్క కేబుల్ జారితే ఒక పక్కే కదిలి ఫ్రేము మెలితిరుగుతుంది.

ప్లాస్టిక్ కప్పు విరగడం జబ్బు కాదు, జబ్బు గుర్తు. ఏదో పట్టేసి బలం ఎక్కువైంది, అన్నిటికన్నా చవకైన ముక్క విరిగి మిగతావాటిని కాపాడింది. అక్కడ ఇనుము పెడితే ఆ బలం తిన్నగా గేరుబాక్సుకూ ఫ్రేముకూ పోతుంది. మిత్రుడికి నేను చెప్పింది: విరిగినచోట ప్లాస్టిక్‌దే పెట్టు, అది ఎందుకు విరిగిందో వెతుకు. ఆ బండి టాప్ అసలు ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే మోటారు దాకా పోనక్కర్లేదు. హ్యాండ్‌బ్రేక్ లాగి ఉంటే తప్ప ఆ టాప్ కదలదు. బ్రేక్ లాగారని చెప్పే చిన్న స్విచ్ చెడితే అంతా చచ్చినట్టే కనిపిస్తుంది. బ్రేక్ లాగినప్పుడు ఎదుట ఎర్రదీపం వెలుగుతోందా? ముందు అది చూడండి.

"కొత్త టాప్ వేశాక అందట్లేదంటే పంపు బలం చాలట్లేదు"

టాప్‌కు వేసే వినైల్ గుడ్డ కొత్తదైనప్పుడు బిగుతుగా ఉంటుంది, చలికి ఇంకా బిగుసుకుంటుంది. ఎత్తాక ముందు అద్దానికి అంగుళమో రెండంగుళాలో తక్కువ పడుతుంది. అది పంపు తప్పు కాదు. ఎండ కాసే రోజున బండి బయట పెట్టి గుడ్డ వెచ్చబడ్డాక ఇద్దరూ చేతులతో లాగి కొక్కేలు పెట్టండి. కొన్ని వారాలు టాప్ దించకుండా అలాగే ఉంచండి, సాగి సర్దుకుంటుంది. చలిలో ప్లాస్టిక్ వెనక కిటికీని మడవకండి, మడత దగ్గర పగులుతుంది. తడి టాప్‌ను ముడిచి పెడితే బూజు పడుతుంది. వానకు తడిసిన టాప్ మూసిన గరాజులో ఒక రాత్రి ఎత్తే ఉంచాలి.

సెప్టెంబరు మొదట్లో ఎర్త్ శుభ్రమై, కీలు వదులై, రెండు సిలిండర్లూ కొత్తవై, మా టాప్ 12 సెకన్లలో లేచింది. ముందు అద్దం అంచుకు రెండు పక్కలా ఒకేసారి వచ్చి ఆనుకుంది. నాన్నగారు ఊరికి వెళ్ళేలోపు దాన్ని దించి ఆయన్ని ఒకసారి డెట్రాయిట్ వైపు వుడ్‌వర్డ్ అవెన్యూ మీద తిప్పాను.

నేను తీసేసిన పాత పంపు గరాజులో బల్ల మీద ఉంది. బ్యాటరీ తగిలించి 12 ఓల్టులిచ్చి చూశాను, రెండు దిక్కులా నిండుగా తిరుగుతోంది. 1965, 66 ముస్తాంగ్ కన్వర్టిబుల్ ఉన్న తెలుగువాళ్ళెవరైనా ఈ చుట్టుపక్కల ఉంటే వచ్చి పట్టుకెళ్ళండి, డబ్బులొద్దు. రాడ్ల బోల్టులు తీసి టాప్‌ను చేత్తో ఎత్తి చూసిన తరవాతే రండి.